ఒక్క సీటు విమానం, మా జొన్నల కుప్ప

మా అక్క మొగుడు గద్వాలలో పశువుల కొట్టం ఖాళీ చేయించి విమానం బిగించాడు. బర్రెలు ఆ ఏడాదంతా ఎండకు ఎండి, వానకు తడిసి, పాలకు బదులు శాపనార్థాలిచ్చాయి. పెట్టెల్లో ముక్కలుగా వచ్చినదాన్ని తానే బిగించానని వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ దాకా హోటలు హోటలుకూ చెప్పాడు. వినేవాడి చాయ్ చల్లారి మీగడ కట్టేదాకా వదల్లేదు. దాన్ని హెలికాప్టర్ అన్నవాడితో మాత్రం జన్మలో మాట్లాడడు. దీని నెత్తిమీది రెక్కకు ఇంజనే లేదట, గాలికే తిరుగుతుందట. ఇంజను వెనకాల ఫంకాను తిప్పి బండిని ముందుకు నెడుతుందట. నడుమ ఒక్కటే సీటు.

"మరి నేనేడ కూసోవాలె?" అంది అక్క మొదటిరోజే.

"ఒక్కరికే అయితది. గట్లనే చేసిండ్రు."

ఆనాటి నుంచి అక్క దాన్ని సవతి అనే పిలిచింది.

చదును నేల కోసం పాలమూరు రాళ్లన్నీ తిరిగి, చివరికి ఖిల్లా ఘణపూర్ దగ్గరి మా కల్లం మీద, దాని ముందరి బీడు మీద కన్ను వేశాడు. నన్ను అడగలేదు. పరుగుకు జాగ చాలాలని తూర్పు కొసన, సరిగ్గా నా జొన్నల కుప్ప ముందే నిలబెట్టాడు. ఖిల్లా గుట్టే కుళ్లుకునేంత కుప్ప అది. పొట్టుతోనే ఉంది. తూర్పారబడదామంటే గాలి లేదు. పడమట మబ్బు మాత్రం బర్రె రంగులో దిగుతోంది. తడిస్తే ఏడాది తిండి మొలకెత్తుతుంది. బావకూ ఎగరడానికి ఎదురుగాలే కావాలి. ఒకే గాలి కోసం ఇద్దరం చెరో పక్కన పగవాళ్లలా కూర్చున్నాం. మాటలన్నీ అక్క మీదుగానే.

"అక్కా, ఆ ఫంకా జర తిప్పుమను. జొన్నలు తూర్పారబట్టుకుంట."

"నీ తమ్మునికి చెప్పు, గిది విమానం. చాట కాదు."

"విమానమైతే ఎగురుమను. పొద్దుగాల్నుంచి చూస్తున్న, మా కోడే నయం."

"గాలి రానీ, ఎగిరి సూపిస్త!"

గాలి రాలేదు, పౌరుషం వచ్చింది. బావ టోపీ బిగించి ఎక్కాడు. ఇంజను వేడెక్కాలని చక్రాల ముందు రాళ్లు పెట్టించి, పడమటికి ముక్కు పెట్టి, ఊరు దద్దరిల్లేలా నడిపాడు. వెనక ఫంకా ఉందన్న సంగతే మరిచాడు. నా కుప్ప మీది పొట్టు లేచి గోపాల్‌పేట దాకా పోయింది. నా బూతులు ఆ మోతలో కలిశాయి. అక్క తిట్టలేదు. కొంగు బిగించి, కాస్త దూరంగా ముక్కాలి పీట ఎక్కి, చాటతో జొన్నలు ఆ గాలిలోకి జారవిడిచింది. గింజ కాళ్ల దగ్గర పడింది, పొట్టు చెలకల్లోకి పోయింది. కూలికొచ్చిన ఆడవాళ్లు కేకలేస్తూ గంపలందించారు. నేనూ నోరు మూసుకుని గంప ఎత్తాను. ఆ కేకలు తనకు జేజేలనుకుని బావ ముందుకే చూస్తూ చేయి ఊపాడు, మోత ఇంకా పెంచాడు.

పెట్రోలు అయిపోయాకే దిగి చూశాడు. కుప్ప తేటగా మెరుస్తోంది.

"సిగ్గుండాలె! నా విమానంతోని జొన్నలు చెరుగుతరా?"

"ఒక్క సీటే తెస్తివి," అంది అక్క, తలలో పొట్టు దులుపుకుంటూ. "నాకు ఎనకనే జాగ దొరికింది."

సంచులకు ఎత్తేలోపే చినుకులు పడ్డాయి. ఉన్నది ఒక్క టార్పాలిన్. బావ విమానం వైపు చూశాడు. నేను జొన్నల మీద కప్పాను.

ఆ ఏడాది జొన్నరొట్టెలు పొగ వాసన వస్తున్నాయని బావ ముట్టలేదు. ఆయన వంతూ నేనే తిన్నాను.