ఒకే చూపులో ఐదు

"నాలుగు" అన్న తర్వాత కూడా నరహరి రావు గారు చూపు మరల్చలేదు. న్యాల్‌కల్ అవతల శనగ చేను గట్టు మీద కూర్చుని, కళ్లజోడు మీదనే దుర్బీన్ ఆనించి, ఎదుటి గడ్డి బీడులో పిట్టల్ని లెక్కపెడుతున్నారు. పక్కనే కాపలాదారు సామ్యేలు నిలబడ్డాడు. ఆ సాయంత్రం హైదరాబాదు బస్సుకు అందించవలసిన సవరణ వార్త నా చొక్కా జేబులో మడిచి ఉంది. చివరికి రావు గారు దుర్బీన్ దించకుండానే, "ఐదు. ఐదున్నాయి" అన్నారు.

నేను 1981లో ఒక తెలుగు దినపత్రికకు జహీరాబాద్ కంట్రిబ్యూటర్‌గా చేరాను. జిల్లాకు ఒక స్టాఫ్ రిపోర్టర్ ఉండేవాడు. నాబోటి వాళ్లం తాలూకాకొకరం. వార్తలు కాగితానికి ఒక పక్కనే రాసి, కవరులో పెట్టి, సాయంత్రం బస్సు డ్రైవరు చేతికిచ్చేవాళ్లం. రాత్రికి పత్రిక ఆఫీసు మనిషి బస్‌స్టాండుకు వచ్చి తీసుకునేవాడు. ట్రంక్ కాల్ చేసే హక్కు లారీ ప్రమాదాలకూ, వరదలకూ తప్ప మాకు లేదు. పిట్టల వార్తకు అసలే లేదు.

మరుసటి ఏడు చలికాలంలో నేను రాసిన ఒక చిన్న వార్త లోపలి పేజీలో వచ్చింది. న్యాల్‌కల్ బీడులో అయిదు బట్టమేక పిట్టలు కనబడ్డాయని. బట్టమేక అంటే మేకపిల్లంత ఎత్తు, నెమలికన్నా బరువు ఉండే పక్షి. అప్పటికే అరుదైపోయింది. లెక్క చెప్పింది సామ్యేలు. హైదరాబాదులోని ఒక పక్షి పరిశీలకుల సంఘం అతన్ని ఆ బీడుకు కాపలాదారుగా నెల జీతం మీద పెట్టుకుంది. అంతకుముందు అతను మల్లారెడ్డి పటేల్ దగ్గర పాలేరు. మిషన్ బడిలో అయిదో తరగతి దాకా చదివాడు. రోజూ చూసింది నోటుబుక్కులో రాసేవాడు.

వార్త వచ్చిన వారానికి సంఘం కార్యదర్శి నరహరి రావు గారి ఉత్తరం వచ్చింది. ఆయన టెలిఫోన్ శాఖలో ఇంజనీరుగా రిటైరైన మనిషి. తాను స్వయంగా వచ్చి చూసినప్పుడు రెండే ఉన్నాయనీ, లేని పక్షులను కాపలాదారు ఉన్నట్టు రాశాడనీ, మరొకసారి సరిచూసి తేడా వస్తే అతన్ని తీసేస్తామనీ, పత్రిక సవరణ వేయాలనీ రాశారు. ఇదే కారణం మీద కిందటేడు ఇంకో జిల్లాలో ఒకతన్ని తీసేసినట్టు పేరుతో సహా అందులో ఉంది. కక్షతో రాసిన ఉత్తరం కాదు. లెక్క తప్పితే సంఘం మాట ఎవరూ నమ్మరని ఆయన బాధ.

సామ్యేలుకు ఆ ఉత్తరం చదివి వినిపించాను. "చూసిందే రాసిన సార్. పిట్టలేమన్న నా చుట్టాలా, ఎక్కువ చెప్పనీకి?" అన్నాడు. "మళ్ల పటేల్ కొట్టంల పేడ ఎత్తుడేనా?" అని తనలో తను అనుకున్నాడు.

రావు గారు రెండు దుర్బీన్లతో జీపులో వచ్చారు. ఒకటి ఆయన సొంతం, దూరపువాటిని పదింతలు పెద్దగా చూపేది. బంధువులెవరో జర్మనీ నుంచి తెచ్చారు, మూడు చలికాలాలుగా వాడుతున్నారు. రెండోది కొత్తగా తెప్పించిన ఎనిమిదింతలది. కాపలాదార్లకు ఏ రకం కొనాలో తేల్చడం, సామ్యేలు లెక్క సరిచూడడం, రెండు పనులూ ఒకే రోజు పెట్టుకున్నారు. సాక్షిగా నన్ను రమ్మన్నారు.

పోలిక ట్రావెలర్స్ బంగళాలో మొదలైంది. మా పత్రికే ఒక పేజీ గేటుకు గుచ్చి, అరవై అడుగుల దూరం నుంచి దేనితో ఎంత చిన్న అక్షరం చదవగలమో చూశాం. రావు గారు పదింతలదానితో రెండో వరస శీర్షికలే కాదు, వార్తల్లో అక్షరాలూ గడగడా చదివారు. ఎనిమిదింతలది కొంచెం వెనకబడింది కానీ చేతిలో వణకలేదు. సామ్యేలు దగ్గరున్నది మిలిటరీ వేలంలో కొన్న ఏడింతలది. అద్దం మీద పూత లేచిపోయి, అక్షరాలు పొగలో ఉన్నట్టు కనబడ్డాయి. ఇలాంటి దాంతో అయిదు ఎలా చూశావన్నట్టు రావు గారు అతని వైపు చూశారు. నేనూ అలాగే చూశానని ఒప్పుకోవాలి.

బీడు దగ్గర లెక్కకు ఒక నియమం ఉంది. ఒకే చూపులో, అంటే దుర్బీన్ కదల్చకుండా, ఎన్ని కనబడితే అన్నే లెక్క. పక్కకు తిప్పుతూ లెక్కపెడితే గడ్డిలో నడిచే పిట్టనే రెండుసార్లు లెక్కించే ప్రమాదం ఉంది. సామ్యేలు తన పాతదానితో చూసి అయిదన్నాడు. రావు గారు చూసి రెండన్నారు. కొత్తదానితో చూసినా రెండే. సామ్యేలు చేతిలోని పాతదాన్ని తీసుకుని ఆయన చూసినా రెండే. దాంతో అనుమానానికి తావు లేకుండా పోయింది.

చేను మల్లారెడ్డి పటేల్‌ది. ఆయన గట్టు మీదికి వచ్చి తమాషా చూస్తూ, "ఏం రా సామ్యేలూ, కడమ మూడు పెండ్లికి పోయినయా?" అన్నాడు.

"యాడికి పోలే పటేలా. సార్ కండ్లకు దొరుకుత లేవు" అన్నాడు సామ్యేలు.

"నా జీతం పైస నీకు కలిసిరాలే. గిప్పుడు పిట్టల జీతం గిట్ల జేసె" అని పటేల్ నవ్వాడు.

కొత్త దుర్బీన్ నా చేతికిచ్చారు. నాకూ రెండే కనబడ్డాయి, తాళం కప్ప రంధ్రంలోంచి చూసినట్టు చిన్న గుండ్రంలో. విదేశీ సరుకు అంతేనేమో అనుకుని నోటుబుక్కులో రెండు అని రాసుకున్నాను. గాలికి కళ్లు నీళ్లు కారితే కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. మళ్లీ పెట్టుకోకుండానే దుర్బీన్ ఎత్తి, మసక పోయేదాకా నడిమి చక్రం తిప్పాను. బీడు ఒక్కసారిగా విచ్చుకుంది. ఇందాకటి గుండ్రానికి మూడింతల మేర. ఎడమ కొసన రెండు, నడుమ రెండు, కుడి కొసన తుమ్మ నీడలో ఒకటి. రెండుసార్లు లెక్కపెట్టాకే అయిదని చెప్పాను.

రావు గారు నమ్మలేదు. "మీ వార్త మీరు కాపాడుకుంటున్నారు" అన్నారు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. కళ్లజోడు తీసి చూడమన్నాను. ఆయనది అడ్డంగా ఒక పవరు, నిలువుగా ఒక పవరు ఉన్న అద్దం. అది తీస్తే చక్రం ఎంత తిప్పినా మసకే. మళ్లీ మొదటికొచ్చింది.

అంతలో సామ్యేలు కొత్తదాన్ని అడిగి తీసుకున్నాడు. అప్పటిదాకా దాన్ని అతని చేతికి ఎవరూ ఇవ్వలేదు. కన్ను ఆనించే చోట ఉన్న రబ్బరు అంచును బొటనవేలితో నొక్కి చూసి, "జర ఆగున్రి సార్. గిది మడుస్తది" అని, చొక్కా చెయ్యి మడిచినట్టు కిందికి మడిచాడు. రెండోదీ మడిచాడు. కన్ను అద్దానికి ఎంత దగ్గరైతే అంత మేర కనబడుతుంది. కళ్లజోడు ఎలాగూ కొంత దూరం ఉంచుతుంది. దాని మీద రబ్బరు అంచు కూడా ఉంటే నడిమి భాగమే మిగులుతుంది. రావు గారి పదింతలదానికీ అదే అంచు ఉంది, మూడేళ్లుగా మడవలేదు. పాతదానికి మడిచే వీలే లేని గట్టి అంచు, కానీ సామ్యేలుకు కళ్లజోడు లేదు. పొద్దున గేటు దగ్గర ఇది బయటపడకపోవడానికి కారణం అప్పుడు అర్థమైంది. ఒక అక్షరం చదవడానికి నడిమి భాగం చాలు. పిట్టల్ని లెక్కపెట్టడానికి అంచులు కావాలి.

రావు గారు మళ్లీ దుర్బీన్ ఎత్తారు. ఆ తర్వాత జరిగింది మొదటే చెప్పాను. ఆయన సామ్యేలు నోటుబుక్కు అడిగి, కిందటిసారి వచ్చినప్పుడు తాను అందులో ఎర్రసిరాతో రాసిన ఆక్షేపణ కొట్టేసి, కింద "అయిదు, నేను చూశాను" అని సంతకం పెట్టారు. సామ్యేలు నోటుబుక్కు తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. "ఇగ ఫికర్ లేదు" అన్నాడు, ఎవరితోనో తెలియదు. పటేల్ అందరికీ పచ్చి శనగ కొమ్మలు తెంపి తెచ్చాడు. సాయంత్రం బస్సుకు నేను మిరప ధరల వార్త ఒక్కటే ఇచ్చాను. సవరణ కాగితం ఇంటికెళ్లి పొయ్యిలో వేసి, చాలా రోజుల తర్వాత ఆకలితో అన్నం తిన్నాను.

సామ్యేలు ఆ తర్వాత కూడా చాలా చలికాలాలు ఆ బీడు కాశాడు. నేను మటుకు, వార్త తప్పని ఎవరైనా గట్టిగా చెబితే, దేనితో చూశారు, ఎంత మేర చూశారు అని ముందు అడగడం అలవాటు చేసుకున్నాను. నా వార్త ఒప్పని నేను గట్టిగా అనుకున్నప్పుడూ అదే ప్రశ్న.

జీపు ఎక్కేముందు రావు గారు కిందటేడు తీసేసిన ఆ ఇంకో జిల్లా కాపలాదారు పేరెత్తారు. అతని లెక్క నాలుగు, ఆయన లెక్క ఒకటి. హైదరాబాదు చేరగానే అతనికి ఉత్తరం రాశారు. నెల తర్వాత అది తిరిగి వచ్చింది, ఊళ్లో లేరని తపాలా మనిషి రాసిన చీటీతో. అతను కాసిన బీడులో నిజంగా ఎన్ని పిట్టలు ఉండేవో ఇప్పటికీ తెలియదు.