తగ్గించడం రాని చెయ్యి

నేను ఏడో తరగతి మధ్యలో బడి మానేశాను. సరిగ్గా ఆ వారమే మా కుట్ల టీచరమ్మ ఊలు అల్లికలో కుట్లు పెంచడం నేర్పింది. తగ్గించడం పై వారం పాఠం. ఆ పాఠం వినకుండానే ఇంట్లో కూర్చున్నాను కనక, పెళ్ళయి కొండాపూర్ వచ్చాక కూడా నా అల్లిక పెరగడమే తప్ప తరగడం ఎరగదు. మఫ్లర్లయితే తిన్నగా వచ్చేవి. పిల్లల టోపీలను నడినెత్తిన మొదలుపెట్టి చెవుల దాకా పెంచుకుంటూ వచ్చేదాన్ని. చూసినవాళ్ళు అదేదో కొత్త పద్ధతి అనుకునేవారు. నేనూ కాదనేదాన్ని కాదు.

మా ఆడపడుచుకు మాదాపూర్‌లో కొత్తగా లేచిన ఒక అద్దాల భవనంలో కంప్యూటర్ ఉద్యోగం వచ్చింది. బయట ఏప్రిల్ ఎండకు రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటుంటే, లోపల ఏసీకి ఆ పిల్ల పళ్ళు టకటకా కొట్టుకునేవి. కంప్యూటర్లకు చల్లగా ఉండాలట. శాలువా కప్పుకుని వెళ్తే దాని అంచు కుర్చీ చక్రాల్లో చిక్కుకుంది. రెండుసార్లు జ్వరం వచ్చాక మా ఆయన తేల్చి చెప్పాడు.

"ఈ నెలాఖరు దాక చూస్త. తుమ్ములు ఆగకుంటే ఇగ కొలువు బంద్."

ఆ పిల్ల వంటింట్లోకి వచ్చి నా పక్కన కూలబడింది. "వదినా, నాకు ఆ పని మస్తు నచ్చింది. జర నువ్వన్న చెప్పు అన్నకు."

"అన్నకు చెప్పుడెందుకు? నేను స్వెట్టర్ అల్లి పెడ్త."

"ఎండకాలంల స్వెట్టరా?"

"మరి నువ్వు రోజూ ఆటోల పోయేది సిమ్లాకే గద!"

నోరు జారింది, ఇక చెయ్యి కదలాలి. కొందామంటే, చలికాలంలో కాలిబాట మీద స్వెట్టర్లు పరిచి అమ్మేవాళ్ళు ఎప్పుడో మూటలు కట్టుకుని వెళ్ళిపోయారు. నా పాత ఊలు శాలువా విప్పి ఉండలు చుట్టుకున్నాను. చెమటకు ఊలు వేళ్ళకు అంటుకుంటుంటే చేతులకు పౌడరు రాసుకుంటూ అల్లాను. వీపు ముక్క, ముందు ముక్క చంకల దాకా ముచ్చటగా వచ్చాయి. అక్కడి నుంచి తగ్గించాలి. రెంటినీ మెల్లగా పక్కన పెట్టేశాను.

చేతి ముక్క అందుకున్నాను. మణికట్టు నుంచి పైకి పెంచుకుంటూ పోవాలి, అది నా సొంత రాజ్యం. ఒకే కుట్టులో ముందొకసారి, వెనకొకసారి అల్లితే రెండవుతాయి. పెంచాను. ఆపితే తగ్గించాల్సి వస్తుందని ఇంకా పెంచాను. చెయ్యి కాస్తా గరాటు అయింది.

పక్క వాటాలో కాకినాడ నుంచి వచ్చిన గుమస్తాగారి భార్య ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్ద. పచ్చడి గిన్నె తిరిగివ్వడానికి వచ్చి, నా ఒళ్ళో ఉన్నది చూసి ఆగిపోయింది.

"ఏమ్మా, ఇది ఎవరి కాలికి?"

"కాలు కాదక్కా, చెయ్యి."

"ఏనుగుకా?"

ఊరందరినీ ఆటపట్టించే నేను ఆ గరాటును కొంగు కింద దాచబోయాను. పదో తరగతి దాకా చదివానని ఆవిడకు ఎప్పుడో గొప్పగా చెప్పుకుని ఉన్నాను. కానీ నెలాఖరుకు ఇంకా ఆరు రోజులే ఉన్నాయి.

"అక్కా, నాకు తగ్గించుడు రాదు. ఆ పాఠం చెప్పకముందే బడి మానేసిన. పదో తరగతి అన్నది ఉత్తదే."

ఆవిడ నవ్వలేదు. గిన్నె కింద పెట్టి, నా పక్కన కూర్చుని సూదులు తీసుకుంది. "దీనికింత బెంగేంటమ్మా? రెండు కుట్లలోకీ ఒకేసారి సూది పోనిచ్చి, ఒకటిగా అల్లెయ్యడమే."

"గంతేనా? రెండిట్ల ఒకటి పోతే ఇంకోదానికి కోపం రాదా?"

"నాకు పెళ్ళయి ఇరవయ్యేళ్ళు. మీ అన్నయ్యగారు ఇంతవరకూ నోరెత్తలేదు."

నేను అంతకాలం భయపడింది చిటికెలో అయ్యే ఆ పనికా! హుషారెక్కి ఆ రోజే వీపు ముక్క పట్టుకుని వరుస వరుసకూ తగ్గించేశాను. అదీ ఒక్క వైపే. ఒక భుజం నింగికీ ఒకటి నేలకీ చూసింది. మర్నాడు ఆవిడ వచ్చి, "రెండు కొసలా తగ్గించాలమ్మా, తక్కెడ అనుకున్నావా?" అని నా చేతే విప్పించింది. ఈసారి వీపు ముక్క, ముందు ముక్క, రెండో చెయ్యి బుద్ధిగా కుదిరాయి. గరాటు చెయ్యి విప్పడానికి రోజుల్లేవు. భుజం దగ్గర కుచ్చులు పెట్టి కుట్టేశాం.

నెలాఖరుకు ఒక రోజు ముందు ఆ పిల్ల స్వెట్టర్ తొడుక్కుని వెళ్ళింది. ఆ రోజూ మర్నాడూ నేను వీధి గుమ్మం వదల్లేదు. నెలాఖరు సాయంత్రం మా ఆయన కూడా వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

చెల్లెలు ఆటో దిగగానే అడిగాడు. "తుమ్మినవా?"

"లేదన్నా."

"రెండు దినాలల్ల ఒక్కటి గూడనా?"

"ఇయ్యాల పొద్దుగాల ఒకటి వచ్చింది. అది వదిన మిరపకాయలు వేయించినప్పుడు."

ఆయన నావైపు ఒక చూపు చూశాడు, తర్వాత ఆ చూపు చెల్లెలి కుచ్చుల భుజం దగ్గర ఆగింది. "ఈ భుజమేంది గిట్ల ఉబ్బింది?"

"ఫ్యాషన్" అన్నాను.

ఆయన తల గోక్కున్నాడు. లోపలికి నడుస్తూ, వెనక్కి తిరగకుండానే చెల్లెల్ని అడిగాడు. "రేపు ఆటో ఎన్నింటికి?"

ఆ పిల్ల సంతోషంతో నన్ను వాటేసుకుంది. ఎనిమిదికని నేనే చెప్పాను.