కలిదిండి గొలుసు

ఏలూరులో మా మావయ్యగారి ఇనుప సామాన్ల కొట్లో నేను కూర్చోవడం మొదలుపెట్టి పన్నెండేళ్లయినా, గేటు తాళంచెవి మాత్రం ఆయన రొంటినే ఉండేది. పొద్దున్నే వచ్చి ఆయన కోసం మెట్ల మీద నిలబడేదాన్ని. పక్క కొట్టావిడ "ఇంకా రాలేదాండీ పెద్దాయన?" అంటే పైకి నవ్వేదాన్ని గానీ లోపల ఒళ్ళు మండేది. నాకా చెవి కావాలి. అడిగితే ఇచ్చేవారేమో. కానీ అడిగి తీసుకోవడం నాకిష్టం లేదు.

మా తాళంకప్పలకి కొల్లేటి చేపల చెరువుల వాళ్ళదే పెద్ద బేరం. కలిదిండి వైపు ఒక్కో చెరువు నలుగురైదుగురు వాటాదార్లు కలిసి చేస్తారు. మేత బస్తాలుండే షెడ్డుకి ఒకటే తలుపు, ఒకటే గొలుసు. ఒక తాళానికి నాలుగు చెవులు చేయించుకోమంటే ఒప్పుకోరు; ఒక చెవి పోయిందంటే నలుగురికీ ఒకరి మీద ఒకరికి అనుమానం. అందుకని ఎవరి తాళం వాళ్ళు తెచ్చుకుని, ఒకదాని వంపు కడ్డీలో ఇంకొకదాని కడ్డీ దూర్చి, గొలుసు రెండు కొసల్నీ వాటితో వరసగా కలిపేస్తారు. ఎవరు తమ తాళం తీసినా గొలుసు ఊడుతుంది. ఎవరూ ఎవరినీ చెవి అడగక్కర్లేదు.

ఇంతలో ఆ తాళాలు చేసే కంపెనీ తన సరుకంతా మార్చేసింది. కంపెనీ అబ్బాయి తెచ్చిన కొత్త తాళాలు తళతళా మెరుస్తున్నాయి. దొంగ కట్టర్ పట్టకుండా కడ్డీ లావుగా, పొట్టిగా చేశారట. మావయ్యగారు ఒకటి చేత్తో తిప్పి చూసి, "పాతవి రెండు పెట్టెలు ఉంచుకుందాం అమ్మాయ్" అన్నారు. కొత్తొక వింత, పాతొక రోత. నేను పాతవన్నీ వెనక్కి పంపేసి కొట్టు నిండా కొత్తవి దింపేశాను.

పది రోజులకి కలిదిండి నుంచి ఒక పెద్దాయన వచ్చి, మా దగ్గర కొన్న కొత్త తాళాలు నాలుగూ తువ్వాల్లో మూటగట్టి తెచ్చి బల్ల మీద పోశారు.

"తాళాలు మంచియ్యేనమ్మా. ఒకదాంట్లో ఒకటి దూరట్లేదండి. మా నలుగుర్నీ ఒకే చెవితో కాపురం చెయ్యమంటారేంటండీ?"

ప్రయత్నించాను. దూరవు. ఆ తర్వాత మరొకరు, ఇంకొకరు. వచ్చినవాళ్ళ తాళాలన్నీ మారుమాట్లాడకుండా తీసేసుకున్నాను. మావయ్యగారు వాటిని లెక్కపెట్టి మళ్ళీ పెట్టెల్లో సర్దేవారు. తిట్టినా బాగుండేది. ఒకరోజు మాత్రం మెల్లగా, "కొల్లేటి బేరం పోతే ఈ కొట్లో మిగిలేది నువ్వూ నేనే అమ్మాయ్" అన్నారు.

కంపెనీకి ఫోన్ చేస్తే పాత మోడల్ ఆపేశామన్నారు. సరిగ్గా అప్పుడే తాడేపల్లిగూడెం హోటల్లో డీలర్ల మీటింగ్ పెట్టారు. ఎప్పుడూ మావయ్యగారే వెళ్ళేవారు. పాడుచేసింది నేను కాబట్టి నేనే వెళ్తానన్నాను.

కంపెనీ ఆఫీసరుగారు పెద్ద తెర మీద కట్టర్ బొమ్మలు చూపించి, ఏమైనా సందేహాలా అన్నారు. పక్క గదిలోంచి బిర్యానీ వాసన వస్తోంది, లేచి ప్రశ్న అడిగే ఉద్దేశం ఎవరికీ లేదు. నేను లేచాను. కలిదిండి పెద్దాయన దగ్గర అడిగి తెచ్చిన గొలుసు, నాలుగు పాత తాళాలతో సహా, తెల్ల గుడ్డ పరిచిన ఆయన బల్ల మీద పెట్టాను. చెరువు మట్టి రాలింది.

"మీ కొత్తవాటితో ఇలా కలిపి చూపించండి."

ఆయన ప్రయత్నించారు. తిప్పారు, నొక్కారు, కోటు విప్పి మళ్ళీ నొక్కారు. హాల్లో నవ్వులు మొదలయ్యాయి.

"ఇలా ఎవరు వాడతారు మేడమ్?"

"కొల్లేరు చుట్టూ అందరూనండి. మీ తాళం దొంగని ఆపుతుంది, కాదనను. వాటాదారుని కూడా ఆపేస్తోందండి!"

వెనక వరసలోంచి ఉండి ఊరి డీలరు లేచి "మా వైపూ ఇదే గోలండి" అన్నారు. అత్తిలి ఊరి డీలరూ అందుకున్నారు. అప్పటిదాకా వీళ్ళంతా ఎందుకు నోరు మూసుకుని కూర్చున్నారో నాకిప్పటికీ అర్థం కాదు. ఆఫీసరుగారు మంచి మనిషి, ఉడుక్కోలేదు. గొలుసు తనకి ఇచ్చి వెళ్ళమన్నారు. అరువు తెచ్చిన వస్తువండి, ఇవ్వనన్నాను. అక్కడే స్కేలు తెప్పించి కొలతలు రాసుకున్నారు.

ఆరు నెలలకి పెట్టె దిగింది. అదే కొత్త ఉక్కు, కడ్డీ మాత్రం పొడుగు. కలిదిండి పెద్దాయనకి కబురు పెట్టాను. మా బల్ల మీదే నాలుగింటినీ టక్ టక్ మని కలిపేసి, "ఇప్పుడు కుదిరిందండి" అన్నారు. నాకు మీసాలుంటే ఆ రోజు మెలేసేదాన్నే.

మర్నాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి మావయ్యగారు అప్పటికే మెట్ల మీద నిలబడి ఉన్నారు. గేటు ఇంకా తియ్యలేదు. గొలుసుకి రెండు కొత్త తాళాలు, ఒకదాంట్లో ఒకటి.

"పైది నాది. కిందది నీది అమ్మాయ్" అని రొంటినుంచి చెవి తీసి నా చేతిలో పెట్టారు. చెవి వెచ్చగా ఉంది. నేను తీసేదాకా ఆయన పక్కకి జరిగి నిలబడ్డారు.

ఆ మర్నాడు ఆయన వచ్చేసరికి కొట్టు ఊడ్చి, వాకిట్లో నీళ్ళు జల్లి, బోణీ కూడా చేసేశాను.