గిరిజమ్మ గమనించిన నిద్ర

మొన్న మా పక్కింటివాళ్లు పెళ్లి శుభలేఖ ఇచ్చి వెళ్లారు. కవరు తెరవగానే కొత్త సిరా వాసన గుప్పుమంది. ఆ వాసనతో పాటే నగర్తపేట సందులోని ప్రింటింగ్ ప్రెస్సు, దాని యజమానురాలు గిరిజమ్మ గుర్తుకొచ్చారు. నా జబ్బుకు పేరు పెట్టింది డాక్టరే. కానీ అది జబ్బేనని మొదట నమ్మిన మనిషి గిరిజమ్మ.

ఇరవై రెండేళ్లప్పుడు ఆ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనికి చేరాను. అప్పటికే ఆరేళ్లుగా పగటి నిద్ర నన్ను వేధిస్తోంది. క్లాసులో, బస్సులో, చివరికి అన్నం కంచం ముందు కూడా తూగేదాన్ని. మా అమ్మ దాన్ని బద్ధకం అనేది. ఒకసారి చిన్నాన్న కూతురి పెళ్లిలో పగలబడి నవ్వుతూ కుప్పకూలితే, ఎవరో డాక్టరు ఫిట్స్ అని చెప్పి మాత్రలు రాశాడు. రెండేళ్లుగా మింగుతున్నాను. ఏమీ మారలేదు.

చేరిన రెండో వారంలోనే ఒక శుభలేఖ ప్రూఫు దిద్దుతూ నిద్రలోకి జారిపోయాను. విచిత్రమేమంటే నా పెన్ను ఆగలేదు. ముహూర్తం తప్పు పడింది, కార్డులన్నీ అచ్చయిపోయాయి. గిరిజమ్మ చేతిలోని స్కేలు నేలకేసి కొట్టింది. “పండుకునేదానికి వచ్చినావా ఇక్కడికి? పో, ఇంటికి పో!” ఏడుస్తూ మెట్లు దిగుతుంటే వెనక్కి పిలిచింది. ఆమె చేతిలో నేను దిద్దిన ప్రూఫు ఉంది. పై సగంలో అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కింది సగంలో కోడి గీకినట్టు గీతలు, వాటి మధ్య పెళ్లికి సంబంధం లేని మాటలు.

“ఇది నువ్వు రాసినట్ల లేదే. రాత్రి పండుకోవా?”

“తొమ్మిదింటికే పడుకుంటానమ్మా. ఆదివారం పగలంతా పడుకున్నా ఇంతే.”

ఆమె నన్ను మళ్లీ నా బల్ల దగ్గరికి పంపింది. మరునాటి నుంచి నన్ను గమనించడం మొదలుపెట్టింది. చిత్తు కార్డుల వెనక ఏదో రాసుకునేది.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర మెషిన్ నడిపే బసవరాజు ఏదో హాస్యమాడాడు. నవ్వు పొంగుకొస్తుండగానే నా దవడ జారింది, మోకాళ్లు వదులయ్యాయి. నేల మీద వాలిపోయాను. “ఫిట్స్! తాళాలు తీసుకురండి!” అని ఎవరో అరిచారు.

“సుమ్నె ఉండండప్పా, అరవొద్దండి! చేతిలో ఏమీ పెట్టొద్దండి,” అని గిరిజమ్మ నా తల తన ఒడిలోకి తీసుకుంది. నిమిషం లోపే నాకు బలం తిరిగొచ్చింది. “మేం మాట్లాడింది వినపడిందా?” అని అడిగింది. ఎవరెవరు ఏమన్నారో అంతా వరసగా చెప్పాను.

“మా తమ్మునికి ఫిట్స్ ఉండేది. లేచినాక వానికి ఏమీ తెలిసేది కాదు. నీకు అంతా తెలస్తా ఉండాది. ఇది వేరే.”

ఆ ఆదివారం కాటన్‌పేటలోని మా ఇంటికి వచ్చి అమ్మను నిలదీసింది. “పాప గురక పెడతాదా? మా ఇంటాయన గురక పెట్టి ఊపిరి ఆగిపోయి ఎగిరి లేస్తా ఉన్యాడు. పొద్దంతా తూగేవాడు. అట్లేమన్నా ఉండాదా?” అమ్మ లేదంది. “అయితే దాని పేరేమో నాకు తెల్దు. సోమరితనం మాత్రం గాదు.”

అమ్మ ముఖం పక్కకు తిప్పుకుని ఏడ్చింది. ఆరేళ్లలో నా తరఫున మాట్లాడిన మొదటి మనిషి గిరిజమ్మే.

నిద్ర జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్లింది. ఆ చిత్తు కార్డులు బల్ల మీద పరిచింది. ఎప్పుడు నిద్రపోయానో, ఎంతసేపటికి లేచానో, లేచాక ఎంత తేటగా ఉన్నానో, పది నిమిషాల కునుకులోనే ఏ కల కన్నానని చెప్పానో అన్నీ వాటిలో ఉన్నాయి. అవి చదివి డాక్టరు నన్నడిగారు: “నిద్ర పట్టేటప్పుడు గదిలో ఎవరో ఉన్నట్టు, కాలు చెయ్యి కదపలేనట్టు ఉంటుందా?” అవునని తలూపాను. దయ్యం పట్టిందంటారనే భయంతో ఎవరికీ చెప్పని మాట అది. ఆసుపత్రిలో ఒక రాత్రంతా, మరునాడు పగటి కునుకుల్లో పరీక్షలు చేశారు. నార్కొలెప్సీ అన్నారు. మెదడు నిద్రనూ మెలకువనూ వేరువేరుగా నిలపలేకపోవడమట; నవ్వినప్పుడు ఒళ్లు వదులవడమూ అందులో భాగమేనట. పూర్తిగా పోదు, కానీ మందులతో, వేళకు తీసే కునుకులతో అదుపులో ఉంటుందన్నారు. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా కాకుండా, ఆయన చెప్పిన ప్రకారం తగ్గించాను.

గిరిజమ్మ కాగితాల గదిలో చాప వేయించింది. రోజుకు రెండు కునుకులు, ఇరవయ్యేసి నిమిషాలు. తనే వచ్చి లేపేది. ఎవరో గొణిగితే, “కండ్లద్దాలు పెట్టుకున్నోన్ని తీసేసి చదువు అంటామా?” అంది. ఒకరోజు నాతో నెమ్మదిగా, “ఆ పొద్దు అరిసినందుకు నాకే సిగ్గయితాదమ్మా,” అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఆమె పోయి మూడేళ్లయింది. ఇప్పుడు నేను ఒక పాఠ్యపుస్తకాల సంస్థలో సంపాదకురాలిని. పోయిన ఏడాది మా బృందంలో ప్రియ అనే అమ్మాయి మీటింగుల్లో నిద్రపోతోందని అందరూ నవ్వారు. నాకున్నదే ఆమెకూ ఉందని తొందరపడబోయి ఆగాను. పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ అడిగాను. నవ్వితే ఒళ్లు వదులవదట. ఎంత కునుకు తీసినా తేట పడదట. హాస్టల్లో ఆమె గురకకు రూమ్మేట్ లేచి కూర్చుంటుందట. పరీక్ష చేస్తే నిద్రలో ఊపిరి ఆగుతోందని తేలింది. ఆమెది వేరే జబ్బు, వేరే వైద్యం.

కోలుకున్నాక ప్రియ అడిగింది, “అందరూ నవ్వుతుంటే మీరెందుకు అడిగారు మేడమ్?”

“నన్నొకరు అడిగారు కాబట్టి,” అన్నాను.