స్తెఫను చెప్పిన సాక్ష్యం

మా వీరులపాడు చుట్టుపక్కల స్తెఫను గోడ కట్టని ఇల్లు తక్కువ. తాపీ పట్టినంతసేపూ కుదురైన మనిషే. సాయంత్రం కూలి చేతిలో పడ్డాక ఆ కుదురు ఉండేది కాదు. మా ఆయన సొలొమోనూ, అతనూ కలిసే పనికి పోయేవారు, కలిసే తాగేవారు.

పోయినేడు మా ఆయనకు కళ్లు పచ్చబడ్డాయి. జగ్గయ్యపేట అవతల కామెర్లకు పసరు పోస్తారంటే స్తెఫను బండి ఎక్కించుకుని, జారిపోకుండా తువ్వాలుతో తన నడుముకు కట్టుకుని తీసుకెళ్లాడు. తర్వాత విజయవాడ తీసుకెళ్లేసరికి లివరు చేయి దాటిపోయిందన్నారు. సమాధి కట్టింది కూడా స్తెఫనే. కూలి ఇవ్వబోతే "ఆ మాటొద్దు వదినా" అన్నాడు. ఆ సాయంత్రమే తాగి మా అరుగు మీద పడిపోయాడు.

ఈ ఏడు ఈస్టరుకు ముందు శ్రమల దినాల్లో యశస్విని అనే డాక్టరమ్మ మా చర్చి పక్క గదిలో ఒక మిషను పెట్టింది. తాగేవాళ్ల లివరు ఎంత గట్టిపడిందో కామెర్లు రాకముందే అది చెబుతుందట. ఆమె చేసేది పరిశోధన. ముందు చిన్నగా చేసి చూడటానికి కొంత డబ్బు ఇచ్చారట. తాగేవాళ్లు పరీక్షకు వస్తారని చూపిస్తేనే పెద్ద మొత్తం ఇస్తారట.

మగవాళ్లు వచ్చారు. "తాగే అలవాటుందా?" అని ఆమె అడగడం, "లేదండి" అని వాళ్లు వెళ్లిపోవడం. స్తెఫనూ అంతే. మిషను ఖాళీగా ఉండిపోయింది.

"ఆదివారం దాకా చూస్తానండి. అప్పటికీ ఎవరూ రాకపోతే, ఇక్కడ మనుషులు దొరకలేదని రాసేసి వెళ్లిపోవాల్సిందే" అంది డాక్టరమ్మ.

స్తెఫను భార్య గ్రేసీ పకపకా నవ్వింది. "శ్రమల దినాల్లో అడిగితే ఎవడు తాగుతానంటాడమ్మా? ఈ నలభై రోజులూ మా మొగోళ్లంతా పరిశుద్ధులే. ఈస్టరు సాయంత్రం రండి, నిలబడ్డవాడు కనపడడు."

డాక్టరమ్మ మళ్లీ అందరినీ అడిగి చూసింది. చర్చి గడపలో లేదన్న నోటితో ఉందని ఎవరంటారు?

నేను స్తెఫను దగ్గరికి వెళ్లాను. "నువ్వన్నా పోయి ఆ మిషను పక్క బల్ల మీద పడుకో."

"లేదని చెప్పేశాగా వదినా."

"మీ అన్నా అట్టాగే అనేవాడు."

అతను జల్లెడ అందుకుని మళ్లీ ఇసుక జల్లించసాగాడు.

ఆదివారం ఆరాధనలో పాస్టరు థామస్ గారు, సాక్ష్యం చెప్పేవాళ్లున్నారా అని అడిగారు. తాగుడు మానినవాళ్లే లేచి, ప్రభువు తమను ఎలా మార్చాడో చెప్పడం మా దగ్గర రివాజు. స్తెఫను లేచాడు.

"అందరికీ వందనాలు. నేను తాగుతాను."

పాస్టరు గారు సర్దబోయారు. "తాగేవాడివి, ప్రభువు మానిపించాడు. అంతేగా?"

"ఇంకా మానిపించలేదయ్యగారూ. ఈ నలభై రోజులే. మా సొలొమోనన్న కూడా ఏటా ఇట్టాగే మానేవాడు. డాక్టరమ్మకి అబద్ధం చెప్పా. నాతోపాటు చెప్పినోళ్లూ ఉన్నారు, పక్కన కూర్చుని తాగినోణ్ణి, నాకు తెలీదా? పేర్లు చెప్పన్లే. ఆరాధన అయ్యాక నేను ఆ పరీక్షకు పోతున్నా."

ఆడవాళ్ల వైపు నుంచి ముసలి పుల్లమ్మ అరిచింది. "నువ్వు కూర్చోరా, పేర్లు నేను చెబుతా!"

చర్చి అంతా నవ్వులే. పాస్టరు గారు కూడా నవ్వు కనపడకుండా పుస్తకం అడ్డం పెట్టుకున్నారు.

ఆరాధన అవగానే గది ముందు వరస కట్టారు. "ఏరా, నువ్వూ మనోడివేనా? ఎప్పుడూ కూల్‌డ్రింకంటావుగా!" అని ఒకరినొకరు ఏడిపించుకుంటూ నిలబడ్డారు. ఆ వరసలో మా ఆయన లేడు. అయినా ఆ నవ్వులు వింటుంటే నాకు ప్రాణం కుదుటపడింది.

స్తెఫను లివరు కొంత గట్టిపడిందట. ఇప్పుడు మానితే బాగుపడే వీలుందట.

"ఈస్టరు ఒక్కరోజు తాగితే పర్లేదా అమ్మా?"

"ఒక్క చుక్క కూడా వద్దండి."

డాక్టరమ్మకు పెద్ద డబ్బు వస్తుందో రాదో ఇంకా తెలియదు. మనుషులు దొరికారని మాత్రం రాసి పంపింది.

ఈస్టరు సాయంత్రం స్తెఫను, గ్రేసీ మా ఇంటికి వచ్చారు. "ఇంట్లో ఉంటే ఎవడోకడు పిలుస్తాడు వదినా" అన్నాడు. కోడికూర వండాను.

"తాగినప్పుడే నయం, రెండు ముద్దలకే పడిపోయేవాడు. ఇప్పుడు గిన్నె ఊడుస్తున్నాడు" అంది గ్రేసీ.

నేను ఇంకో గరిటె వేశాను. వద్దనలేదు.