దుంగకు ఇవతల

మా మావ పోయాడన్న కబురు నాకు మూడు రోజులు ఆలస్యంగా తెలిసింది. ఓడ నడిసముద్రంలో ఉన్నన్నాళ్లూ నా ఫోనుకు నెట్ ఉండదు. రేవు దగ్గరపడ్డాక, లాండ్రీలో పనిలో ఉండగా, జేబులో ఫోను వరసపెట్టి మోగింది. మొదటి మెసేజీలో నా భార్య గొంతు: "నాన్నకి బాగోనేదు, బేగి ఫోన్ సెయ్యి." ఆఖరి మెసేజీలో ఏడుపే తప్ప మాటల్లేవు. మధ్యలోవి నేనింకా వినలేదు. డ్రయ్యర్లోంచి దుప్పట్లు తీస్తూనే ఉన్నాను. చేతులు ఆపితే ఏమైపోతానో అని భయమేసింది.

మావ అంటే నా భార్య తండ్రి. సాలూరు నుంచి జీపులో కొండెక్కి, జీపు ఇక పోలేనన్న చోట దిగి, ఇంకో గంట నడిస్తే మా ఊరు. ఆ ఊళ్లో కొండదేవత జాకరమ్మకు ఆయన పూజారి. తర్వాత ఇంటికి ఫోన్ చేస్తే చెప్పారు, ఆయన్ని మట్టి చేసేశారట. నా కాంట్రాక్టు ఇంకా మూడు నెలలుంది. ఆయన గురించి కుదురుగా కూర్చుని రాద్దామనుకున్నాను గానీ కూర్చోవడం నాకు చేతకాదు. భోజనాల వేళ మెట్ల మీద నిలబడి ఈ నాలుగు ముక్కలు ఫోన్లో కొడుతున్నాను. అతుకులు కనిపిస్తే మన్నించండి.

నేను మొదట అరకులో ఒక రిసార్టులో బట్టలుతికే పని చేసేవాణ్ని. అక్కడ పరిచయమైన ఒక ఏజెంటు నన్ను ఓడ ఎక్కించాడు. ఓడలో పనికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పిన రోజు మావ వెదురు తడక అల్లుతున్నాడు. చేతిలో పని అయ్యేదాకా నోరు విప్పడం ఆయనకు అలవాటు లేదు. తడక పూర్తిచేసి, గోడకు ఆనించి, చెవి మీది చుట్ట తీసి, వెలిగించకుండానే మళ్లీ చెవి మీద పెట్టుకుని అప్పుడు అన్నాడు: "బట్టలుతకడానికి సముద్రం దాకా ఎల్లాలా అల్లుడా? మన గెడ్డలో నీల్లు సాలవేటి?" ఇంటిల్లిపాదీ నవ్వారు. నేనూ నవ్వాను, లోపల మాత్రం ఉడుక్కున్నాను.

ఆ మహమ్మారి ఏడాది మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. మీరు ఇళ్లల్లో ఇరుక్కుంటే మేం ఓడలో ఇరుక్కున్నాం. ప్రయాణికులందర్నీ దింపేశారు. పనివాళ్లం మాత్రం మిగిలిపోయాం. మమ్మల్ని దింపుకోవడానికి ఏ రేవూ ఒప్పుకోలేదు. ఒడ్డు కనిపించేది. రోడ్డు మీద కార్లు పోవడం, ఎవరో కుక్కను తిప్పడం కూడా కనిపించేది. మాకు కిటికీ ఉన్న గదులిచ్చారు, మూడు పూటలా తిండి పెట్టారు, కాదనను. ఖాళీగా ఉంటే పిచ్చెక్కుతుందని మా సూపర్‌వైజరు ఉతికిన దుప్పట్లనే మళ్లీ ఉతికించేవాడు. ఈ వారం పంపిస్తామన్నారు, వచ్చే వారమన్నారు, అలా ఐదు నెలలు గడిచిపోయాయి. నేను డెక్కు మీద చుట్లు తిరిగేవాణ్ని. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పిందని వాళ్ల మీద విరుచుకుపడేవాణ్ని.

నాకు కూతురు పుట్టిందన్న సంగతి అక్కడే విన్నాను. నా భార్య పాప ఏడుపు రికార్డు చేసి పంపింది. పదకొండు సెకన్లు. ఆ తర్వాత నాకు జీతం వద్దు, ఉద్యోగం వద్దు, ఆ పిల్లను ఒక్కసారి ఎత్తుకుంటే చాలు అనిపించింది.

చివరికి విశాఖపట్నం చేర్చారు. అక్కడ కొన్నాళ్లు గదిలో ఉంచి, పరీక్ష చేసి, జబ్బు లేదని కాయితం చేతిలో పెట్టారు. ప్లాస్టిక్ కవర్లో ఆ కాయితం దాచుకుని కొండెక్కాను. ఊరి మొదట్లో దారికి అడ్డంగా పెద్ద దుంగ పడేసి ఉంది. దానికి అవతల మావ నిలబడి ఉన్నాడు.

"అక్కడే ఆగు అల్లుడా."

"నాకేటీ నేదు మావా. ఇదిగో, కాయితం ఇచ్చేరు."

"కాయితం సదవడం నాకు రాదు. రోజులు లెక్కెట్టడం వచ్చు. పద్నాలుగు."

"ఐదు నెల్లు లెక్కెట్టొచ్చేను మావా!"

"అయ్యి ఓడ రోజులు. ఇయ్యి ఊరి రోజులు."

అక్కణ్నుంచి మా ఇంటి చూరు కనిపిస్తోంది. నోటికొచ్చిందల్లా అన్నాను. సొంత కూతురి మొగుణ్ని వాకిట్లో నిలబెట్టే తండ్రి ఉంటాడా అని అరిచాను. ఆయన అంతా విన్నాడు. అడ్డాకు తీగ నార తీసి పద్నాలుగు ముళ్లు వేసి, నాకు ఉండటానికి సామచేనులోని కాపలా గుడిసె చూపించాడు. మధ్యాహ్నానికి కుండా, చాపా పట్టుకుని దుంగ దాటి నా వైపుకు వచ్చేశాడు. వచ్చాడంటే ఆయన కూడా పద్నాలుగు రోజులు ఊళ్లోకి వెళ్లకూడదు.

"నువ్వెందుకొచ్చేవు?" అన్నాను పెడసరంగా.

"ఆపక్కనుంటే నీకు కాపలావోణ్ని. ఈపక్కనుంటే తోడు" అన్నాడు.

రోజూ పొద్దున్నే ఒక ముడి విప్పేవాడు. నేను గుడిసె చుట్టూ తిరుగుతుంటే కూకోమని ఒక్కసారీ అనలేదు. చేతికి డప్పు ఇచ్చి, చేను మీద చిలకల్ని తోలమనేవాడు. తిరగాల్సినవాడికి తిరిగే పనే ఇవ్వాలని ఆయనకు ఎవరు చెప్పారో నాకు తెలీదు. నా భార్య దుంగ దాకా వచ్చి అంబలి పెట్టి వెళ్లేది. నెలల పసిపిల్లను పొలిమేరకు తేకూడదు కనుక పాపను తెచ్చేది కాదు.

తొమ్మిదో ముడి విప్పాల్సిన రోజు, తెల్లవారుతుండగా, మావ గెడ్డకు వెళ్లిన సందు చూసి నేను పసుపుతోట వెనకనుంచి ఊళ్లో దూరాను. ఇంటి గడప దాకా వెళ్లాను. ఉయ్యాలలో పాప పిడికిలి ఒక్కటే కనిపించింది. నా భార్య నన్ను చూసి సంతోషిస్తుందనుకున్నాను. ఉయ్యాలకు అడ్డంగా నిలబడింది. "ఎందుకొచ్చేవు? గుంటకి ఏటన్నా అయితే? ఎల్లు!" అంది. ఆ కళ్లల్లో భయం చూశాక నా కాళ్లు వాటంతటవే వెనక్కి నడిచాయి.

పెద్దలు దుంగ దగ్గర చేరారు. నేను హద్దు దాటాను కాబట్టి నా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలన్నారు. మావను మాత్రం మిగిలిన రోజులు ముగించుకుని లోపలికి వచ్చెయ్యమన్నారు. కొత్తల పండగ దగ్గర్లోనే ఉంది. కొత్త సామల్ని పూజారి జాకరమ్మకు పెడితే గానీ మా ఊళ్లో ఎవరూ నోట పెట్టరు. మావకు పెళ్లి కాకముందు నుంచీ అలా పెట్టే చెయ్యి ఆయనదే. అక్కడ ఇంకో కట్టడి ఉంది. ఒక్క ఏడాది ఎవరైనా ఆయన బదులు పెడితే చెయ్యి మారినట్టే. ఇక వాళ్లే పెట్టాలి.

"నేనెల్లిపోతే ఈడు రేపే మల్లీ దూకుతాడు. నాకూ మొదట్నించే లెక్కెట్టండి" అన్నాడు మావ.

"పండగ ఆపుదామా?" అన్నాడు ఆయన తమ్ముడు.

"పాత గింజలు అయిపోనాయి. ఊరు ఆకలితో ఉంటే అమ్మ తింటాదా? నువ్వెట్టెయ్."

అందరూ వెళ్లాక ఆయన నార తీసి, విప్పిన ముళ్లన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ వేశాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, ఈ రోజు ఇంత బరువు ఉండేది కాదు.

పద్నాలుగు ముళ్లూ విప్పాక పాపను తెచ్చి నా చేతుల్లో పెట్టింది కూడా ఆయనే. ఆ తర్వాత ప్రతి కొత్తలకూ ఆయన వెనక వరసలో, అందరితో పాటు నిలబడ్డాడు. తమ్ముడు మంత్రం మరిచిపోతే నోరు కదిపేవాడు, గొంతు మాత్రం పైకి రానిచ్చేవాడు కాదు. సెలవుకు వెళ్లిన ప్రతిసారీ క్షమించమని అడగాలనుకునేవాణ్ని. నేను నోరు తెరిచేలోగా ఆయన "సముద్రం ఎలగుంది?" అని అడిగేవాడు. నేను సముద్రం గురించి చెప్పేవాణ్ని. అంత తేలికైన దారి ఇస్తే ఎవడు వదులుకుంటాడు? నేను పిరికివాణ్ని, ఆ సంగతి ఆయనకు తెలుసు.

నిన్నటి నుంచి నా బుర్రలో ఆ ఏడాది పండగ రోజే తిరుగుతోంది. రెండోసారి లెక్కలో నాలుగో ముడి విప్పిన రోజది. వాన వెలిసి, ఎండ కాస్తోంది. ఊళ్లో పూజ అయ్యాక తమ్ముడు కొత్త సామల అన్నం ఆకులో పొట్లం కట్టి దుంగ మీద పెట్టి వెళ్లాడు. మావ దాన్ని కళ్లకద్దుకుని, సగం నాకిచ్చి, సగం తిన్నాడు. "ఉప్పు తక్కువేసేరు" అన్నాడు. నా సగం ఆకులోనే ఉంచుకున్నాను.

ఆ తర్వాత లోపల డప్పులు మొదలయ్యాయి. థింసా దరువు. మావ లేచి దారి మధ్యలో, ఊరి వైపు తిరిగి నిలబడ్డాడు. బురదలో ఆయన కాళ్లు దరువు పట్టుకున్నాయి. థింసాలో పక్కవాళ్ల వీపు వెనకనుంచి చెయ్యి వేసుకుని వరస కడతారు. ఆయన నా వంక చూడకుండానే పక్కకు చెయ్యి చాచాడు. నేను గుడిసె గట్టు మీద, ఒళ్లో ఆకు పెట్టుకుని, సిగ్గుతో తల వంచుకుని ఉండిపోయాను. లేవలేదు. లోపల దరువు మారింది. ఆయన ఒక్కడే రెండడుగులు ముందుకూ, ఒకడుగు వెనక్కీ వేస్తున్నాడు. చెయ్యి మాత్రం నా వైపు చాచే ఉంచాడు.