పరగడుపు రక్తం

నేను గోరంతను కొండంత చేసి చెప్పే మనిషిని, ముందే ఒప్పుకుంటున్నాను.

మా అమ్మాయి మేముండే కలకత్తాలోనే ఒక ల్యాబులో షుగరు జబ్బు మీద పరిశోధన చేస్తోంది. రక్తంలోని కొన్ని కొవ్వులు కణాలకు కబుర్లు మోస్తాయట, కణాల మీది రిసెప్టర్లు వాటిని అందుకుంటాయట. నాలాంటి షుగరు మనుషుల్లో ఆ కబుర్లు దారి తప్పుతాయట. అందుకని పరగడుపున నా రక్తం కావాలంది.

ఆ ఉదయం భవానీపూర్ మూలమీద, నూనెలో కచూరీలు వేయించే కొట్టు ముందు నా కాళ్లు ఆగిపోయాయి. నలభై తిన్నాను. కొట్టువాడు లేచి నాకు దణ్ణం పెట్టాడు.

పది గంటలకు అమ్మాయి సూది పట్టుకుని, "ఏటీ తినలేదు కదా నాన్నా?" అంది.

"మంచినీళ్లు కూడా ముట్టలేదమ్మా."

నా రక్తం తేరిస్తే పైన తేరిన నీరు గేదె పాలలా తెల్లగా వచ్చిందట. తనే ఏదో పాడుచేశాననుకుని వారం రోజులు పరీక్షలన్నీ మళ్లీ చేసింది. వాళ్ల సారు అందరి ముందూ చీవాట్లు పెట్టాడు. "నా చేతికే పని రాదు నాన్నా," అని కంచం ముందు కూర్చుని ఏడ్చింది.

నేను తల దించుకుని కచూరీల సంగతి చెప్పేశాను. అమ్మాయి కళ్లు తుడుచుకుని, "నువ్వు మారవు నాన్నా," అని నవ్వేసింది.

తిన్న కచూరీలు ఎనిమిదే. కానీ నేను పూర్తిగా కల్పించింది ఆ నవ్వునూ, నేను చెప్పేశాననడాన్నీ. నిజానికి ఆమె తల నిమిరి, "పోనీలేమ్మా, పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి," అన్నాను.